తాళం తిప్పితే పలకని కారు

ఇంటింటి ఇంజనీరింగు

ఈ శీర్షికను మొదలుపెట్టినప్పుడు మిక్సీలు, పంకాలు, నీళ్ల పంపులు, గీజర్ల వరకే పరిమితం కావాలనీ, వాహనాల జోలికి పోరాదనీ నిశ్చయించుకున్నాము. పంకా ఆగితే ఉక్కపోస్తుంది, అంతే. వాహనంలో చేయరాని పని చేస్తే ప్రాణాపాయం. బ్రేకులు, స్టీరింగు, పెట్రోలు గొట్టాలు పని నేర్చినవారి చేతిలోనే ఉండాలన్న మా అభిప్రాయం నేటికీ మారలేదు. అయితే ఈ వేసవిలో కాలనీ నుంచి వచ్చిన ఉత్తరాలలో ఒకే ఫిర్యాదు పదే పదే కనిపించింది. "మా కారు ఒకసారి సెల్ఫ్ తీసుకుంటుంది, ఒకసారి తీసుకోదు. మెకానిక్కు దగ్గరకు తీసుకువెళితే మాత్రం మొదటి తిప్పుకే పలుకుతుంది." ఈ ఒక్క విషయం బ్రేకుల జోలికి గాని పెట్రోలు జోలికి గాని పోకుండా పరిష్కరించదగినది. పైగా ఇంజనీరింగు దృష్ట్యా మిక్కిలి ఆసక్తికరమైనది. కనుక మా నియమాన్ని ఈసారికి సడలిస్తున్నాము.

ఎప్పుడూ పనిచేయని యంత్రాన్ని బాగు చేయడం తేలిక. లోపం అక్కడే కూర్చుని ఉంటుంది, వెతుక్కుంటూ పోతే దొరుకుతుంది. వచ్చి పోయే లోపమే మనిషిని ఏడిపిస్తుంది. వైద్యుని గడప తొక్కగానే జ్వరం తగ్గిపోయే రోగి వంటిది అది. మన ప్లాంటులో పనిచేసేవారికి ఈ అనుభవం కొత్త కాదు. అర్ధరాత్రి ట్రిప్ అయిన కన్వేయరు, షిఫ్టు ఇంజనీరు వచ్చి చూసే వేళకు ఏమీ ఎరగనట్టు తిరుగుతూ ఉంటుంది. అటువంటప్పుడు "ఏమి చెడింది?" అన్న ప్రశ్న కన్నా "ఎప్పుడు చెడుతోంది?" అన్న ప్రశ్న ఎక్కువ పనికివస్తుంది.

మా క్వార్టరుకు రెండు వీధుల అవతల ఉండే ఒక సహోద్యోగి కారు ఉదంతమే ఈ వ్యాసానికి ఆధారం. పన్నెండేళ్ల చిన్న పెట్రోలు కారు. ఆయన షిఫ్టు డ్యూటీలలో ఉంటారు కనుక దానిని నడిపేది ఎక్కువగా ఆయన శ్రీమతిగారే. ఆమె ఉపాధ్యాయిని. ఇంట్లో ఎనభై ఏళ్లు దాటిన మామగారు ఉన్నారు; ఆయనకు ఆయాసం, గుండె బలహీనత. నెలకు రెండుసార్లయినా ఆసుపత్రికి తీసుకువెళ్లడం ఆమె పని. మే నెలలో ఒక మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి తిరిగి వస్తూ మందుల దుకాణం ముందు ఆగారు. ఐదు నిమిషాలలో తిరిగివచ్చి తాళం తిప్పితే కారు పలకలేదు. లోపల పెద్దాయన, బయట నిప్పులు చెరిగే ఎండ. ఇరవై నిమిషాల పాటు తిప్పగా తిప్పగా ఎప్పటికో పలికింది. ఆ సాయంత్రం పెద్దాయనను మళ్లీ ఆసుపత్రికి తీసుకువెళ్లి ఒక రాత్రి ఉంచవలసి వచ్చింది. అప్పటి నుంచి ఆయన కారు ఎక్కనని మొండికేశారు. ఆటో కుదుపులకు ఆయన నడుము తట్టుకోదు. కారు అమ్మివేద్దామని భర్తగారు, అమ్మితే మామయ్యగారిని ఎలా తిప్పాలని ఈమె. పరిస్థితి అంతదాకా వచ్చింది.

అంతకు ముందే ఒక గ్యారేజీ వారు బ్యాటరీ పోయిందని చెప్పి 5,200 రూపాయలతో కొత్తది వేశారు. జబ్బు తగ్గలేదు. రెండవసారి సెల్ఫ్ మోటారే మార్చాలన్నారు; 8,500 అవుతుందన్నారు. ఆ డబ్బు కట్టబోయే ముందు ఒకసారి చూడమని సహోద్యోగి మమ్మల్ని అడిగారు.

మేము బానెట్ ఎత్తక ముందు శ్రీమతిగారితో పావుగంట మాట్లాడాము. ఆమె చెప్పిన మాట ఇది: "ఉదయం ఒక్కరోజు కూడా మొరాయించలేదు అన్నయ్యగారూ. బడి నుంచి ఇంటికి వచ్చి సాయంత్రం తీసినా ఇబ్బంది లేదు. కాసేపు నడిపి, దారిలో ఐదు పది నిమిషాలు ఆగి మళ్లీ ఎక్కినప్పుడే పలకదు. తాళం తిప్పినప్పుడు లోపల దీపాలు కొంచెం కూడా తగ్గవు. ఏ చప్పుడూ రాదు." బ్యాటరీ మార్చినవారు ఈ ఐదు వాక్యాలు విని ఉంటే మార్చేవారు కారు. అసలు ఆమెను ఎవరూ అడగలేదట. కారు భర్త పేరున ఉన్నది కనుక మాటలన్నీ ఆయనతోనే జరిగాయి. ఆయన ఆ కారు నడిపేది వారానికి ఒకరోజు, అదీ ఉదయం పూట!

ఆమె మాటల విలువ తెలియాలంటే సెల్ఫ్ ఎలా పనిచేస్తుందో కొంత చెప్పుకోవాలి.

పాత లారీలకు, జీపులకు ముందు భాగాన హ్యాండిలు పెట్టి తిప్పడం మా తరం వారందరూ చూసినదే. హ్యాండిలు వెనక్కు తన్నితే మణికట్టు విరిగేది. విద్యుత్తుతో ఇంజనును తిప్పే ఏర్పాటును అమెరికాలో ఛార్లెస్ కెటరింగ్ రూపొందించగా, 1912 సంవత్సరపు క్యాడిలాక్ కార్లలో అది మొదటిసారి వచ్చింది. ఆయన అంతకు ముందు డేటన్ నగరంలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో దుకాణాల గల్లా యంత్రానికి చిన్న మోటారు అమర్చినవాడు. గల్లా తెరిచే మోటారు రోజంతా తిరగనక్కరలేదు, క్షణకాలం గట్టిగా తిరిగితే చాలు. కారు విషయంలోనూ అదే సూత్రం. నిరంతరం తిరిగే మోటారుకు ఇవ్వరాని కరెంటును కొన్ని సెకన్ల పాటు ఇస్తే, చేతిలో ఇమిడే చిన్న మోటారు కూడా ఇంజనును తిప్పగలదు. సెల్ఫ్‌ను పట్టుకుని అర నిమిషం పాటు తిప్పకూడదనడానికి కారణం కూడా ఇదే.

చిన్న కారులో సెల్ఫ్ మోటారు తిరిగేటప్పుడు వంద ఆంపియర్లకు పైగా కరెంటు తీసుకుంటుంది. ఇంత కరెంటు తాళం గుండా పోనివ్వడం అసాధ్యం. అందుకని మోటారు నెత్తిన సాలినాయిడు అనే డబ్బా ఉంటుంది. తాళం తిప్పినప్పుడు దానిలోని తీగచుట్టకు కరెంటు చేరుతుంది. అది అయస్కాంతమై ఒక ఇనుప కడ్డీని లోపలికి లాగుతుంది. ఆ కడ్డీ రెండు పనులు చేస్తుంది. ఒకవైపు పళ్లచక్రాన్ని ముందుకు తోసి ఇంజను చక్రపు పళ్లలో ఇరికిస్తుంది. మరొకవైపు రెండు రాగి బొడిపెలను కలిపి బ్యాటరీ నుంచి మోటారుకు దారి తెరుస్తుంది. చుట్టలో నిజానికి రెండు చుట్టలున్నాయి. ఒకటి లాగడానికి, రెండవది లాగిన దానిని పట్టి ఉంచడానికి. మోటారుకు దారి తెరుచుకోగానే లాగే చుట్ట తనంతట తాను విశ్రాంతి తీసుకుంటుంది, చిన్న చుట్ట ఒక్కటే పని చేస్తుంది. ఆ రోజులలో ఈ ఏర్పాటు ఆలోచించినవారికి నమస్కరించాలి.

ఇక్కడే చిక్కు. ఆ లాగే క్షణంలో సాలినాయిడు ముప్పై ఆంపియర్ల వరకు కోరుతుంది. అనేక చిన్న కార్లలో, ముఖ్యంగా పాతవాటిలో, ఈ ముప్పై ఆంపియర్లూ స్టీరింగు కింద ఉన్న ఇగ్నీషన్ స్విచ్ గుండానే ప్రయాణిస్తాయి. బ్యాటరీ దగ్గర బయలుదేరి, గోడ దాటి లోపలికి వచ్చి, స్విచ్‌లోని గోరంత రాగి ముక్కల మీదుగా పోయి, మళ్లీ గోడ దాటి సెల్ఫ్ దగ్గరకు చేరాలి. కొత్తలో బాగానే ఉంటుంది. పదేళ్లు గడిచేసరికి ఆ రాగి ముక్కలు వేలసార్లు నిప్పురవ్వలు చిమ్మి నల్లబడతాయి. నిరోధం పెరుగుతుంది. ఓమ్ సూత్రం పదవ తరగతి పిల్లలకు కూడా తెలిసినదే. ఓమ్‌లో పదవ వంతు నిరోధం ఉన్నా, ముప్పై ఆంపియర్ల దగ్గర 3 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి.

మరి ఉదయం పలికి మధ్యాహ్నం పలకకపోవడం ఏమిటి? రాగి వేడెక్కితే దాని నిరోధం ప్రతి డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. సెల్ఫ్ ఇంజనుకు ఆనుకునే ఉంటుంది. బండి నడుస్తున్నంతసేపు గాలి తగిలి కొంత చల్లబడుతుంది. ఆపిన తరువాత గాలి ఆగుతుంది, ఇంజను వేడి మాత్రం ఆగదు. ఆపిన ఐదు పది నిమిషాలకు సెల్ఫ్ డబ్బా నడిచేటప్పటికన్నా ఎక్కువ వేడెక్కుతుంది. తీగచుట్ట 60 డిగ్రీలు అదనంగా వేడెక్కితే నిరోధం దాదాపు 23 శాతం పెరిగి, ఆ మేరకు కరెంటు తగ్గుతుంది. అయస్కాంతపు లాగుడు బలం కరెంటు వర్గాన్ని అనుసరిస్తుంది కనుక బలం మరింత పడిపోతుంది. స్విచ్ దొంగిలించగా మిగిలిన వోల్టేజీ ఉదయం చల్లటి చుట్టకు చాలుతుంది, మధ్యాహ్నం వేడి చుట్టకు చాలదు. శ్రీమతిగారి ఐదు వాక్యాలలో ఈ పాఠమంతా ఉన్నది.

అయినా అనుమానాన్ని కొలతతో రుజువు చేయకుండా డబ్బు ఖర్చు పెట్టకూడదు. పాఠకులు తమ కారులో ముందుగా చెవితో పరీక్షించవచ్చు. తాళం తిప్పినప్పుడు "టకటకటక" అని వరుసగా చప్పుడు వచ్చి దీపాలు మినుకుమినుకుమంటే బ్యాటరీ నీరసించినట్టు, లేదా దాని బిగింపులు వదులైనట్టు. గట్టిగా ఒక్క "టక్" వినిపించి ఆగిపోతే కడ్డీ చివరిదాకా వెళ్లినట్టే. రాగి బొడిపెలు కాలిపోయి ఉండవచ్చు, మోటారు బ్రష్‌లు అరిగి ఉండవచ్చు. దానికి కూడా సెల్ఫ్ మొత్తం మార్చనక్కరలేదు. మంచి ఆటో ఎలక్ట్రీషియను బొడిపెలు, బ్రష్‌లు మాత్రమే మార్చి ఇస్తాడు. సెల్ఫ్ జోరుగా తిరుగుతూనే ఉండి ఇంజను అందుకోకపోతే అది పెట్రోలుకో స్పార్కుకో సంబంధించినది, ఈ వ్యాసానికి చెందదు. ఏ చప్పుడూ లేక, లేదా నీరసంగా చిన్న చప్పుడు వచ్చి, దీపాలు ఏమాత్రం తగ్గకపోతే అప్పుడు సాలినాయిడుకు సరిపడా కరెంటు చేరడం లేదని అనుమానించాలి.

అన్నిటికన్నా ముందు బ్యాటరీ బిగింపులు, బ్యాటరీ నుంచి బాడీకి, బాడీ నుంచి ఇంజనుకు పోయే ఎర్త్ పట్టీలు శుభ్రం చేయాలి. తెల్లగానో పచ్చగానో పేరుకున్న పొడిని వంటసోడా కలిపిన వేడినీటితో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, బిగించి, కొంచెం వ్యాజిలైన్ రాయాలి. దీనికి ఖర్చు లేదు. మాకు వచ్చిన ఉత్తరాలలో సగం కార్లు ఇంతటితోనే బాగుపడతాయని మా ఊహ.

సహోద్యోగి కారులో బిగింపులు శుభ్రంగానే ఉన్నాయి. బ్యాటరీ నిలకడగా 12.6 వోల్టులు చూపింది, అనగా నిండుగా ఉన్నట్టే. కారును కాలనీ చుట్టూ అరగంట తిప్పి, నీడలేని చోట ఆపి, ఎనిమిది నిమిషాలు ఆగాము. తాళం తిప్పితే, అనుకున్నట్టే, మౌనం. ఇటువంటి లోపం మన కళ్ల ముందు కనిపించినప్పుడు కలిగే ఆనందం యజమానికి అర్థం కాదు! శ్రీమతిగారు తాళాన్ని రెండు మూడు సెకన్లు పట్టుకుని ఉండగా మేము మీటరు పెట్టి చూశాము. బ్యాటరీ దగ్గర 12.3 వోల్టులు. స్విచ్‌లోకి వచ్చే తీగ మీద 12.0. స్విచ్ నుంచి పోయే తీగ మీద 8.9. సాలినాయిడు దగ్గర 8.4. డీసీ కరెంటు కొలిచే క్లాంపు మీటరు 22 ఆంపియర్లు చూపింది. దారిలో పోయిన 3.9 వోల్టులలో 3.1 ఒక్క స్విచ్ లోపలే పోతున్నాయి. 22 ఆంపియర్లను 3.1తో గుణిస్తే 68 వాట్లు. హెడ్‌లైటు బల్బు ఒకటి తాళం లోపల వెలుగుతున్నట్టే లెక్క.

ఇంకొక నిర్ధారణ కూడా చేశాము. తాళం తీసివేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, చేతి బ్రేకు లాగి, లావుపాటి తీగతో బ్యాటరీ ధన ధ్రువాన్ని సాలినాయిడు చిన్న బొడిపెకు క్షణకాలం తాకించాము. వేడిగా ఉన్న అదే సెల్ఫ్ గిర్రున తిరిగింది. 8,500 రూపాయలతో మార్చమన్న మోటారు నిర్దోషి అని తేలిపోయింది. ఈ పరీక్షలో గేరు న్యూట్రల్‌లో లేకపోతే కారు మనిషి మీదికి దూకుతుంది. తాకించేది బొడిపెకు కాక బాడీకి తగిలితే తీగ ఎర్రగా కాలుతుంది. చేతి ఉంగరం, గడియారం, గాజులు తీసివేయకుండా ఎవరూ ఈ పని చేయవద్దు. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన కారు కిందికి దూరవద్దు. అలవాటు లేనివారు ఈ పరీక్షను ఎలక్ట్రీషియను చేత చేయించడం మంచిది.

ఇక చికిత్స. స్విచ్ మార్చవచ్చు. కొన్ని కార్లలో వెనుకనున్న స్విచ్ ముక్క విడిగా దొరుకుతుంది, కొన్నిటిలో తాళాల జత మొత్తం కొనవలసి వస్తుంది. కొత్తది వేసినా దాని మీదుగా మళ్లీ అదే ముప్పై ఆంపియర్లు పోతాయి, పదేళ్లకు ఇది కూడా నల్లబడుతుంది. మేము మొగ్గు చూపినది రిలే వైపు. మన ప్లాంటులో డెస్క్ మీది మీట నొక్కితే ఆ కరెంటే బ్రేకరు చుట్ట దాకా పోదు. మధ్యలో ఇంటర్‌పోజింగ్ రిలే ఉంటుంది. మీట దానికి సైగ చేస్తుంది, భారాన్ని అది మోస్తుంది. కారుకు కూడా అదే మర్యాద.

విడిభాగాల దుకాణంలో "12 వోల్టుల నాలుగు పిన్నుల రిలే, 40 ఆంపియర్లది" అని అడిగితే అగ్గిపెట్టె కన్నా చిన్నదైన నల్లటి డబ్బా ఇస్తారు. హారను, హెడ్‌లైట్లకు వాడేది ఇదే. మేము కొన్న ధరలు: రిలే 180, తీగలున్న సాకెట్టు 60, ఫ్యూజు హోల్డరు, 30 ఆంపియర్ల ఫ్యూజు కలిపి 50, రెండు మీటర్ల 4 చదరపు మిల్లీమీటర్ల తీగ 80, లగ్గులు, స్లీవులు 30. వెరసి 400 రూపాయలు. పేరున్న కంపెనీ రిలేనే కొనాలి. చవకబారు రిలేలో ముక్కలు కరిగి అతుక్కుపోతే తాళం వదిలినా సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది. ఇరవై రూపాయలు ఇక్కడ మిగుల్చుకోవడం మాకు నచ్చదు.

రిలే అడుగున నాలుగు అంకెలు ఉంటాయి. ఇవి జర్మన్ ప్రమాణం ప్రకారం వచ్చినవి. 85, 86 లోపలి చిన్న చుట్ట చివరలు. 30, 87 భారం మోసే ముక్కలు. సాలినాయిడు చిన్న బొడిపెను అదే ప్రమాణంలో 50 అంటారు. ముందుగా బ్యాటరీ రుణ ధ్రువపు బిగింపును విప్పాలి. ధన ధ్రువాన్ని ముందు విప్పితే, పానా బాడీకి తగిలి మెరుపు మెరుస్తుంది. బిగించేటప్పుడు రుణ ధ్రువం ఆఖరున. తరువాత 50 నుంచి పాత తీగను ఊడదీసి, దానిని రిలే 86కు కలపాలి. 85ను రంగు గీకిన చోట బాడీకి బిగించాలి. బ్యాటరీ ధన ధ్రువం నుంచి ఫ్యూజు మీదుగా లావు తీగను 30కి, 87 నుంచి లావు తీగను 50కి తీసుకువెళ్లాలి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. ఫ్యూజుకు ముందున్న తీగకు ఏ రక్షణా ఉండదు గదా. కొన్ని రిలేల లోపల డయోడు ఉంటుంది. వాటిలో 86 ధనం, 85 రుణం అన్న వరుస తప్పకూడదు. రిలేను పిన్నులు కిందికి ఉండేటట్టు, సైలెన్సరు గొట్టానికి దూరంగా, వాన నీరు చేరని చోట బిగించాలి. లగ్గులను పటకారుతో నొక్కి సరిపెట్టకూడదు. లగ్గులు నొక్కే పనిముట్టుతోనే నొక్కి స్లీవు తొడగాలి. పాత తీగను కత్తిరించవద్దు. రేపు రిలే తీసివేయాలనుకుంటే మళ్లీ యథాస్థానంలో పెట్టుకోవచ్చు.

రిలే చుట్ట నిరోధం సుమారు 80 ఓములు. అనగా స్విచ్ గుండా ఇప్పుడు పోయేది 0.15 ఆంపియరు మాత్రమే. నల్లబడిన ఆ ముక్కల మీద నష్టం 0.02 వోల్టుకు మించదు.

పని పూర్తి కావడానికి మాకు రెండు గంటలు పట్టింది. అందులో ముప్పావు గంట రిలే బిగించడానికి చోటు వెతకడానికే. మళ్లీ అరగంట తిప్పి, అదే ఎండలో, అదే ఎనిమిది నిమిషాలు ఆపి తాళం శ్రీమతిగారికే ఇచ్చాము. మొదటి తిప్పుకే పలికింది. పదిసార్లు ఆపి పదిసార్లు తీశారు. సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీకి, 50 బొడిపెకు మధ్య తేడా 0.2 వోల్టు. కడ్డీని లాగే ఆ క్షణపు అంకెను మామూలు మీటరు పట్టుకోలేదు కనుక లెక్క వేసి చూడాలి. వేడి చుట్ట నిరోధం 8.4ను 22తో భాగిస్తే 0.38 ఓము. దానికి 11.5 వోల్టులు అందినా 30 ఆంపియర్లు పారతాయి. 22కు, 30కి ఉన్న నిష్పత్తిని వర్గం చేస్తే లాగుడు బలం దాదాపు రెండింతలు.

వచ్చిన ఉత్తరాలలో కొన్ని కొత్త కార్ల గురించినవి. వారికి ఒక హెచ్చరిక. బటను నొక్కి స్టార్ట్ చేసే కార్లలో, ఇటీవలి మోడళ్లలో అనేకంలో సెల్ఫ్‌కు రిలే ముందే ఉంటుంది. దానికి ఆజ్ఞ ఇచ్చేది కంప్యూటరు. అందులో తీగలు ఊడదీసి కొత్తవి కలపవద్దు. చేయగలిగినది ఒకటే. ఫ్యూజు పెట్టె మూత మీది బొమ్మ చూసి స్టార్టరు రిలేను గుర్తించి, అదే నంబరు ఉన్న హారను రిలేతో మార్చి చూడండి. కారు పలికి హారను మూగబోతే దొంగ దొరికినట్టే. కొత్త రిలే ఒకటి కొని పెట్టుకుంటే సరి. క్లచ్ పూర్తిగా తొక్కితే గాని స్టార్ట్ కాని కార్లలో పెడలు దగ్గర ఒక చిన్న స్విచ్ ఉంటుంది, దాని మీద కూడా ఒక కన్ను వేయాలి. డ్యాష్‌బోర్డు మీద తాళం బొమ్మ మినుకుమంటూ ఉంటే అది ఇమ్మొబిలైజరు ఫిర్యాదు, మన చేతిలో లేదు. స్టీరింగు కింద పసుపు రంగు తొడుగులున్న తీగలు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగువి. ఎట్టి పరిస్థితిలోనూ తాకవద్దు. వారంటీ ఉన్న కారును డీలరుకే అప్పగించండి.

రిలే పెట్టడం వలన స్విచ్ కొత్తది కాదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. కారు నడుస్తుండగా హఠాత్తుగా ఇంజను ఆగిపోయి, తాళాన్ని కదిపితే మళ్లీ వస్తూ ఉంటే, స్విచ్‌లో ఇగ్నీషన్ వైపు ముక్కలు కూడా చెడినట్టు. అది రిలేతో తీరదు, నడిరోడ్డు మీద ప్రమాదం కూడా. వెంటనే స్విచ్ మార్చవలసిందే.

సహోద్యోగి కారులో ఇప్పటికి నాలుగు నెలలు గడిచాయి. గత వారం రిలే సాకెట్టును ముట్టుకుని చూశాము, వేడి లేదు. లగ్గులు బిగువుగానే ఉన్నాయి. కారు అమ్మే మాట ఆ ఇంట్లో వినిపించడం లేదు. పెద్దాయన మాత్రం మొదటి నెలంతా, ఎక్కడ ఆగినా ఇంజను ఆపవద్దని కోడలిని బతిమాలారట. పోయిన ఆదివారం మందుల దుకాణం ముందు ఆయనే, "తాళం తీసెయ్యమ్మా, పెట్రోలు దండగ" అన్నారని ఆమె చెప్పారు.

వచ్చే సంచికలో నిదానంగా తిరిగే పంకాలకు కెపాసిటరు మార్చడం గురించి వ్రాస్తాము. కారు విషయమై సందేహాలున్నవారు కారు వయస్సు, తాళం తిప్పినప్పుడు వినిపించే చప్పుడు, అది ఏ వేళలో పలకడం లేదు అన్న మూడు వివరాలు తప్పక వ్రాసి, సంపాదకుల ద్వారా మాకు పంపగలరు. వివరాలు వ్రాసేది ఆ కారు రోజూ నడిపే వారైతే మరీ మంచిది.